బ్యాటరీ కొత్తదే, అయినా తాళం తిప్పితే ఒక్కోసారి టక్ మని ఆగిపోతోంది.. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) మార్చమంటున్నారు, మార్చేయాలా?

పేరు రాయొద్దని ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

వాళ్లది పదేళ్లు దాటిన పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. వాళ్ల నాన్నగారిది, ఆయన పోయాక ఈవిడే నడుపుతున్నారు. అమ్మగారికి డయాలసిస్ జరుగుతోంది, వారానికి మూడుసార్లు ఈ కారులోనే తీసుకెళ్లి తీసుకురావాలి. కొన్ని నెలలుగా తాళం తిప్పితే ఒక్కోసారి మామూలుగా స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది, ఒక్కోసారి టక్ మని ఒకే చప్పుడు చేసి ఊరుకుంటుంది. వాళ్ల బావగారి స్నేహితుడైన మెకానిక్ ముందు బ్యాటరీ మార్చారు, కొద్దిరోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. తర్వాత ప్లగ్గులు మార్చి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీని క్లీన్ చేశారు. ఇప్పుడు ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా తిరగడం) కూడా పాడైంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వేగం చూపే ఆర్పీఎం కిందికీ పైకీ ఊగుతోంది, ఏసీ వేస్తే వణికి ఇంజిన్ ఆగిపోతోంది, మళ్లీ తాళం తిప్పితే ఆ టక్. పక్క సీట్లో నీరసంగా అమ్మ, వెనక హారన్లు. బ్యాటరీకి చార్జి ఎక్కించే ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూడటానికి మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మైనస్ టెర్మినల్ పీకి చూశారట, ఇంజిన్ ఆగలేదు కాబట్టి అది బాగుందన్నారు. చివరికి ఈసీయూ పోయింది, మార్చాలి అంటున్నారు.

ఈవిడ మల్టీమీటర్ కొనుక్కుని సొంతంగా చూశారు. బ్యాటరీ 12.6 వోల్టులు. మైనస్ వైరు రెసిస్టెన్స్ 0.3 ఓమ్, రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించినా అదే 0.3. "అంటే వైరింగ్ బాగున్నట్టే కదండీ, ఇక ఈసీయూనే అనుకోవాలా?" అని అడుగుతున్నారు. భర్త కారు అమ్మేద్దామంటున్నారు, అమ్మగారు అమ్మొద్దంటున్నారు, మెకానిక్‌ని కాదంటే బావగారు నొచ్చుకుంటారు. ఉత్తరం చివర్లో ఇంకో రెండు లైన్లు రాశారు: ఒకసారి జంప్ కేబుల్ పెట్టినా స్టార్ట్ కాలేదు, ఇంకోసారి పక్కింటాయన నల్ల క్లిప్పు బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీదున్న ఇనుప కొక్కేనికి తగిలిస్తే వెంటనే అందుకుంది.

అమ్మా, మీ ఉత్తరంలో ఆ చివరి రెండు లైన్లే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి, మీరేమో చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. దాని సంగతికి వస్తాను. ముందు ఒక మాట, ఆ ఈసీయూ ఆర్డర్ ఇంకా ఇవ్వకపోతే ప్రస్తుతానికి ఇవ్వకండి. అది పోయిందో లేదో ఉత్తరం చదివి నేను చెప్పలేను కానీ పోయింది అని చెప్పడానికి చేయాల్సిన పరీక్షలు మీ కారుకి ఇంకా ఎవరూ చేయలేదు, అది మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

మీకున్నది ఒక సమస్య కాదు, రెండు అనుకుని మొదలుపెట్టండి. స్టార్టింగ్ ఇబ్బంది బ్యాటరీ మార్చకముందు నుంచీ ఉంది. ఐడిలింగ్ ఇబ్బంది థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాక వచ్చింది. మీరు రాసిన వరుసలోనే అది ఉంది, కానీ రెండూ ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఒకేసారి ఎదురవుతుండేసరికి ఒకే జబ్బులా అనిపించి, రెండిటికీ కలిపి ఈసీయూ అనే పేరు పెట్టేశారు. రెండిటికీ కారణం ఒకటే కావచ్చు కూడా, కానీ అది తేలాలంటే విడివిడిగానే చూడాలి.

స్టార్టింగ్ సంగతి చూద్దాం. తాళం తిప్పితే అసలు ఏ చప్పుడూ రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) వైపు చూడాలి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే సాధారణంగా బ్యాటరీలో చార్జి లేదనో, టెర్మినల్ వదులైందనో అర్థం. మీకు వస్తోంది ఒకే ఒక్క గట్టి టక్. అది ఇంజిన్ కింద స్టార్టర్ (ఇంజిన్‌ని మొదట తిప్పే మోటార్) దగ్గర నుంచి వస్తుంటే దాని మీదున్న సోలనాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్ లోపలికి లాగబడిందన్నమాట, అంటే స్టార్ట్ చెయ్యమనే ఆదేశం స్టార్టర్ దాకా చేరింది. ఇక ఆదేశం పంపే రిలే, తాళం, ఈసీయూ ఇవన్నీ వాటి పని అవి చేసేసినట్టే, ఆ తర్వాత మోటార్ తిరగడానికి కావలసింది బలమైన కరెంట్ మాత్రమే. టక్ డాష్‌బోర్డ్ వైపు ఫ్యూజు బాక్సు నుంచి సన్నగా వస్తుంటే అది రిలే చప్పుడు, లెక్క మారుతుంది, కాబట్టి ఎవరినైనా తాళం తిప్పమని మీరు బానెట్ దగ్గర నిలబడి విని ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోండి.

ఇప్పుడు మీ మీటర్ సంగతి. మీరు కొలిచింది తప్పు కాదు, 12.6 అంటే నిండుగా చార్జయిన బ్యాటరీ, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం అని లెక్క, అదీ బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలిస్తే. కానీ అది ఏ పనీ చేయని బ్యాటరీ లెక్క. ఇక ఆ 0.3 ఓమ్ మీ మీటర్ వైర్లదే, అందుకే ప్రోబులు తాకించినా అదే వచ్చింది. స్టార్టర్ వైరులో కొంప ముంచే రెసిస్టెన్స్ అంతకంటే చాలా చాలా చిన్నది. చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని తిప్పడానికి స్టార్టర్ సుమారు 150 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడైనా తుప్పు పట్టి 0.01 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, 200 ఆంపియర్లకి అక్కడే 2 వోల్టులు పోతాయి. అసలే తిప్పేటప్పుడు బ్యాటరీ 11 దగ్గరికి పడుతుంది, అందులోంచి 2 పోతే స్టార్టర్‌కి మిగిలేది 9. మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో ఆ 0.01 కనపడనే కనపడదు. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడుకుపోయిన పైపులో కూడా ప్రెజర్ నిండుగానే చూపిస్తుంది, కుళాయి తిప్పితేనే కదా తెలిసేది. అందుకని వైరింగ్ బాగుందా లేదా అన్నది స్టార్టర్ ఇంజిన్‌ని తిప్పుతున్నప్పుడే, వోల్టుల్లోనే చూడాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు.

అందుకే మీ పక్కింటాయన చేసిన పని అంత విలువైనది. స్టార్టర్ ఇంజిన్‌కి బిగించి ఉంటుంది, దాని మైనస్ దారి ఇంజిన్ లోహమే. అక్కణ్నుంచి ఒక జడలాంటి వైరు, ఎర్త్ స్ట్రాప్ అంటారు, బాడీకి, బాడీ నుంచి ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి వెళ్తుంది, కొన్ని బళ్లలో బ్యాటరీ నుంచి నేరుగా ఇంజిన్‌కి వస్తుంది. మొదటిసారి నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టారు కాబట్టి కరెంట్ ఆ పాత ఎర్త్ స్ట్రాప్ గుండానే పోవాల్సి వచ్చింది, స్టార్ట్ కాలేదు. రెండోసారి ఇంజిన్‌కే పెట్టారు, ఆ స్ట్రాప్‌ని దాటేసినట్టయింది, వెంటనే అందుకుంది. ఒక్కసారి జరిగినదాన్ని రుజువు అనలేం, ఆ రోజు ఇంకేదైనా తేడా ఉండొచ్చు. కానీ నేనైతే ముందు అక్కడే వెతుకుతాను.

చెక్ చేయడం ఇలా. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టండి. లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి, చున్నీ, జడ ఫ్యాన్‌కి దూరంగా, ఇంజిన్ ఆపి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. బ్యాటరీ దగ్గర నిప్పు, సిగరెట్ ఏవీ ఉండకూడదు, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ కాకుండా తిరగడం మాత్రమే కావాలి కాబట్టి ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేసి, ఒకసారి స్టార్ట్ చేసి పైపులో మిగిలిన పెట్రోల్ అయిపోనివ్వండి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి, ఆంపియర్లలో పెట్టొద్దు, ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండకుండా చూస్కోండి, ఆ రంధ్రం 200 ఆంపియర్ల కోసం కాదు.

నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టుకే, అంటే మధ్యలో ఉండే సీసపు మొద్దుకే ఆనించండి, దాని చుట్టూ బిగించిన క్లాంపుకి కాదు. ఎర్ర ప్రోబు ఇంజిన్ మీద రంగు, నూనె లేని శుభ్రమైన లోహానికి. ఇంట్లో ఒకరిని అయిదు సెకన్లు తాళం తిప్పమనండి, ఆ అయిదు సెకన్లలో ఎంత చూపిస్తుందో చూడండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 0.5 వస్తే అనుమానించాలి. 1 దాటితే దొరికేసినట్టే. మీ మీటర్‌లో అతి ఎక్కువ రీడింగ్‌ని పట్టి ఉంచే మ్యాక్స్ బటన్ ఉంటే వాడండి, కంటితో అంత త్వరగా పట్టుకోవడం కష్టం. టక్ మని ఆగిపోయినప్పుడు కూడా అదే రీడింగ్ చూడండి, అసలు దొంగ దొరికేది ఆ క్షణంలోనే, బాగా స్టార్ట్ అయ్యే రోజు కొలిస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అందుకే బ్యాటరీ బాగుంది వైరు బాగుంది అని అందరూ నిజమే చెప్తూ ఉంటారు, కారు మాత్రం మీ దగ్గరే మొండికేస్తూ ఉంటుంది.

డ్రాప్ ఎక్కువుంటే ఎక్కడుందో ముక్కలు ముక్కలుగా వెతకాలి. పోస్టుకీ క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ బాడీకి బిగించిన బోల్టుకీ మధ్య, బాడీకీ ఇంజిన్‌కీ మధ్య, ప్రతిసారీ తాళం తిప్పుతూ. వోల్టు ఎక్కడ కనిపిస్తే అక్కడే అడ్డు. ఒక్కోసారి తిప్పడానికీ తిప్పడానికీ మధ్య స్టార్టర్‌కి కాసేపు విరామం ఇవ్వండి, ఊరికే వేడెక్కిపోతుంది.

ఎర్త్ బాగుంటే ప్లస్ వైపు వెళ్లాలి. బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి స్టార్టర్ మీదున్న లావు వైరు బోల్టు దాకా, తిప్పేటప్పుడు 0.5 లోపు ఉండాలి. ఇది మాత్రం మీరు చేయకపోతేనే మంచిది, ఆ బోల్టు చాలా కార్లలో కింద ఇరుకులో ఉంటుంది, ప్రోబు జారి పక్క లోహానికి తగిలితే పెద్ద మెరుపే వస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. తిప్పేటప్పుడు బ్యాటరీ పోస్టుల మీదే వోల్టేజ్ 9.6 కంటే కిందికి పడిపోతుంటే కొత్తదైనా సరే ఆ బ్యాటరీకి లోడ్ టెస్ట్, అంటే బరువైన కరెంట్ లాగి చూసే పరీక్ష, చేయించాలి. బ్యాటరీ నిలబడి, ప్లస్, మైనస్ రెండు దారులూ బాగుండి, అయినా టక్ ఒక్కటే వస్తుంటే అప్పుడు స్టార్టర్ లోపలి కాంటాక్టులు గానీ, బ్రష్‌లు గానీ అరిగినట్టు, దాన్ని విప్పించడంలో అర్థం ఉంది.

ఇంకో సంగతి, ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, చాలా కార్లలో బ్యాటరీకి చార్జి ఎక్కే దారికి కూడా ఆ స్ట్రాపే ఆధారం. స్ట్రాప్ పాడైతే బ్యాటరీ ఎప్పుడూ నిండీ నిండకుండా ఉండి త్వరగా చస్తుంది. మీ పాత బ్యాటరీ అలాగే పోయి ఉండొచ్చు, కొత్తది కొద్దిరోజులు బాగుండి మళ్లీ మొదలైందన్నారు చూడండి, నాకు అదే అనుమానం. కాబట్టి ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి బ్యాటరీ దగ్గర కొలవండి, సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త తరహా కార్లలో ఈసీయూయే అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది, అందుకే లైట్లు వేసి చూడమన్నది. తర్వాత ప్రోబులు ఇందాక చెప్పిన చోటే, మైనస్ పోస్టు, ఇంజిన్ లోహం మీద పెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉండగా చూడండి, ఈసారి మైనస్ గుర్తుతో చూపించొచ్చు, కంగారు పడకండి, కరెంట్ ఎదురు దిశలో పోతోందంతే. ఇక్కడ కూడా అంకె పెద్దగా ఉండకూడదు. చివరగా మీటర్‌ని ఏసీ వోల్టుల్లోకి మార్చి బ్యాటరీ మీద పెట్టండి, 0.1 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే ఆల్టర్నేటర్ లోపల ఏసీ కరెంట్‌ని డీసీగా మార్చే డయోడ్ పోయిందని అనుమానించాలి.

దయచేసి ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ పీకే పరీక్ష ఇంకెప్పుడూ చేయనివ్వకండి. పాత రోజుల్లో కార్బ్యురేటర్ బళ్లకి చేసేవాళ్లు, అలవాటుగా వచ్చేసింది. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ నుంచి క్షణకాలం పదుల వోల్టులు ఎగిసిపడతాయి, బాగున్న ఈసీయూ కూడా దాంతో పోయే అవకాశం ఉంది. మీది పోయిందని అనట్లేదు, ఆ తర్వాత కూడా కారు నడుస్తోంది కాబట్టి చాలావరకు బతికే ఉంది. పైగా ఇంజిన్ ఆగకపోవడం వల్ల ఆల్టర్నేటర్ బాగున్నట్టు రుజువు కాదు, నిండు లోడ్ మీద అది నిలబడుతుందో లేదో ఆ పరీక్ష చెప్పదు.

ఇప్పుడు ఐడిలింగ్. థ్రాటిల్ మీద మసి పేరుకుంటూ ఉంటే ఈసీయూ ఆ మేరకు ప్లేటుని కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో మసి తుడిచేశాక పాత లెక్క సరిపోదు, గాలి ఎక్కువైపోతుంది, ఆర్పీఎం పైకీ కిందికీ వేటాడుతుంది. బ్యాటరీ వైరు తీసినప్పుడు కొన్ని కార్లలో ఆ జ్ఞాపకం మొత్తం చెరిగిపోతుంది కూడా. దీనికి రీలెర్న్ చేయాలి, అంటే ఈసీయూకి ఆ లెక్క మళ్లీ నేర్పించాలి. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది, చాలావాటిలో ఇంజిన్ బాగా వేడెక్కాక అన్ని లోడ్లూ ఆపేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో వదిలేయడం, తర్వాత ఏసీ వేసి ఇంకొన్ని నిమిషాలు వదిలేయడం, కొన్నిటికి స్కానర్ (ఈసీయూలోని లెక్కలు, లోపాల కోడ్లు చదివే పరికరం) తోనే చేయాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఏముందో అదే చేయించండి.

రీలెర్న్ చేసినా ఊగుతుంటే గాలి దొంగతనంగా ఎక్కణ్నుంచైనా లోపలికి పోతోందేమో చూడాలి, క్లీన్ చేసినప్పుడు ఏదైనా గొట్టం సరిగ్గా ఎక్కించకపోవడం మామూలుగా జరిగేదే, ఉస్ మని చప్పుడు వినిపిస్తుందేమో చూడండి. స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె) చూడమనండి, ఐడిల్‌లో ప్లస్ 10, 15 శాతం దాటి ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వచ్చేస్తుంటే గాలి లీకుని అనుమానించాలి. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కూడా ఒకసారి చూడటం మంచిది, స్కానర్‌లో చల్లటి ఇంజిన్ ఉదయాన్నే బయటి వేడికి దగ్గరగా చూపించాలి, మైనస్ 40 అని చూపిస్తే సెన్సర్ వైరు తెగినట్టు.

ఏసీ వేస్తే ఆగిపోవడం మాత్రం రెండిటి మధ్యలో ఉంటుంది. కంప్రెసర్ బరువు ఒక్కసారిగా పడుతుంది, దాంతోపాటే ఫ్యాన్ కరెంట్. ఎర్త్ బలహీనంగా ఉంటే ఆ క్షణంలో ఈసీయూకి, థ్రాటిల్ మోటార్‌కి అందే వోల్టేజ్ పడిపోవచ్చు. అందుకే ముందు ఎర్త్, తర్వాత రీలెర్న్, ఈ వరుస మార్చకండి. చెడ్డ ఎర్త్ మీద రీలెర్న్ చేస్తే అది తప్పు లెక్క నేర్చుకుని కూర్చుంటుంది.

ఇక మీ ముందున్న దారులు. మీరే ఎర్త్ పరీక్ష చేసుకోవడం ఒకటి, ఖర్చేమీ లేదు, ఒక సాయంత్రం చాలు, అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. దొరికితే ముందు మైనస్ క్లాంపు తీసి, స్ట్రాప్ విప్పి, రెండు వైపులా లోహం మెరిసేదాకా గీకి, లేదా అంతే లావుది కొత్తది వేసి, గట్టిగా బిగించి, పైన కొంచెం వాజలైన్ పూయడం, మళ్లీ కొలవడం. తర్వాత కూడా అంకె తగ్గకపోతే పని అయినట్టు కాదు. రెండోది, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి "కారు చూడండి" అనకుండా "క్రాంకింగ్‌లో రెండు వైపులా వోల్టేజ్ డ్రాప్ కొలిచి అంకెలు చెప్పండి" అని అడగడం, క్రాంకింగ్ అంటే తాళం తిప్పి స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పడమే. ఖర్చవుతుంది కానీ ప్లస్ వైపు కూడా తేలిపోతుంది. మీరు అమ్మగారితో ఒంటరిగా తిరుగుతున్నారు కాబట్టి, నన్నడిగితే మొదటిది చేసుకుని ఆ అంకెలు పట్టుకుని రెండోదానికి వెళ్లండి.

మూడోది ఈసీయూ మార్చడం. కారణం ఎర్త్ అయితే ఈసీయూ మార్చినా టక్ పోదు, పైగా ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో కొత్త ఈసీయూకి తాళాలు మళ్లీ జత చేయాలి, అది కుదరకపోతే స్టార్ట్ అయ్యే కారు కూడా కదలకుండా పోతుంది. కొత్త ఈసీయూ కూడా అదే చెడ్డ ఎర్త్ మీద కూర్చుంటుంది. అమ్మేయడం మీ ఇంటి విషయం, నేను చెప్పేది కాదు, కానీ ఇలా ఉన్న కారుకి వచ్చే ధరకీ, బాగుచేశాక వచ్చే ధరకీ తేడా ఉంటుంది, కాబట్టి అమ్మాలనుకున్నా సరే ఈ పరీక్ష అయ్యాకే ఆ మాట మాట్లాడుకోండి.

బావగారి స్నేహితుడి విషయంలో మీ మొహమాటం అర్థమైంది. ఆయన్ని తప్పు పట్టాల్సిన పనేం లేదు, 12.6 చూపించే బ్యాటరీ ఆయన్నీ మోసం చేసింది. "అన్నా, ఈసీయూ మార్చే ముందు దాని కనెక్టర్ దగ్గర పవర్, ఎర్త్ లోడ్ మీద ఒకసారి కొలిచి చూపిస్తారా, స్కానర్‌లో వచ్చిన కోడ్లు రాసిస్తారా" అని అడగండి. మంచి మెకానిక్ ఎవరైనా ఆ పని సంతోషంగా చేస్తారు. పీ 0562 ఉంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువని, పీ 0506 ఉంటే ఐడిల్ ఉండాల్సినదానికంటే తక్కువని, ఈ రెండూ మనం మాట్లాడుకున్నదాని వైపే చూపిస్తాయి. పీ 0606 లాంటివి ఈసీయూ లోపలి లోపానికి పెట్టిన కోడ్లు, కానీ వోల్టేజ్ పడిపోయినప్పుడు అవి కూడా ఉత్తినే రావొచ్చు, అందుకని ఎర్త్ బాగుచేసి, కోడ్లు చెరిపేసి, కొన్నాళ్లు నడిపాక కూడా అదే తిరిగొస్తే అప్పుడు ఈసీయూ గురించి నిజంగా ఆలోచించాలి, బావగారికి కూడా ఆ మాటే చెప్పండి.

ఇదంతా తేలేదాకా డయాలసిస్ రోజులకి ఈ కారు మీద ఆధారపడకండి, ఇంకెవరిదైనా బండి మాట్లాడుకోండి. తప్పనిసరై తీసుకెళ్తే డిక్కీలో జంప్ కేబుల్ ఒకటి పెట్టుకోండి. వేరే కారు కూడా అక్కర్లేదు, టక్ మన్నప్పుడు ఆ నల్ల కేబుల్ ఒక్కటే తీసుకుని ఒక కొస మీ బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ కొక్కేనికి తగిలించి తాళం తిప్పండి, స్టార్ట్ అయ్యాక జాగ్రత్తగా తీసేయండి. దాంతో హుషారుగా తిరిగితే దోషం ఎర్త్‌లోనే అని మీకు ఇంకో రుజువు దొరికినట్టు, తిరగకపోతే ఆ సంగతీ, మీటర్ అంకెలూ రాసి పంపండి, అక్కణ్నుంచి ప్లస్ వైపు చూద్దాం.